మాత్ర వేసినా పోని పురుగు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేం గుంటూరులో ఉంటాం. మా బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. రెండు నెలలుగా సరిగా తినడం లేదు, అప్పుడప్పుడూ కడుపునొప్పి అంటున్నాడు. చాటుగా మట్టి తింటున్నాడని ఈమధ్యే కనిపెట్టాం. ఇక్కడి డాక్టరు గారు రక్తం, మలం పరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. మలం రిపోర్టులో ‘ట్రైకూరిస్ ట్రైకియూరా గుడ్లు, కొద్దిగా’ అని ఉంది. అది కొరడా పురుగని చెప్పి మూడు రోజులకి ఆల్బెండజోల్ రాశారు. ఆగస్టులో బళ్లో నులిపురుగుల మాత్ర వేశారు, దగ్గరుండి నమిలించానని టీచరు చెప్పారు. మరి ఇది ఎలా మిగిలింది? ఆ మాత్ర మంచిది కాదా? మా అత్తయ్య గారు బెల్లం, చాక్లెట్లు మానిపించి ఆముదం తాగిస్తే చాలంటున్నారు. పక్కింటావిడేమో ఈ పురుగులు మెదడుకి ఎక్కుతాయి, క్యాబేజీ వండొద్దు అని భయపెట్టింది. వేసవి సెలవుల్లో నెలన్నర తెనాలి దగ్గర మా అమ్మ వాళ్ల ఊళ్లో ఉన్నాడు. అక్కడ కుక్కపిల్లతో ఒకటే ఆట. దానివల్లేనా? ఇంట్లో అందరం మాత్ర వేసుకోవాలా? నాకిప్పుడు రెండో నెల. కోర్సు ఇంకా మొదలుపెట్టలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు రెండు మాటలు. బాబుకి రాసిన మూడు రోజుల మాత్రలు ఈ రోజే మొదలుపెట్టండి. మీరు మాత్రం ఏ పురుగుల మాత్రా వేసుకోకండి. గర్భం మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ వాడకూడదు. మీ గైనకాలజిస్టుకి ఈ విషయం చెప్పండి, అవసరముందో లేదో తర్వాతి నెలల్లో ఆవిడే చూస్తారు.

ఇక ఆగస్టు మాత్ర సంగతి. అది మంచి మాత్రే. మీ అబ్బాయి నమిలాడు, టీచరు అబద్ధం చెప్పలేదు, మీరూ ఏ పొరపాటూ చేయలేదు. ఆ ఒక్క మాత్రకి లొంగే పురుగులు వేరు, మీ అబ్బాయి కడుపులో ఉన్నది వేరు.

మన ఇళ్లలో కడుపులో ఏముందన్నా నులిపురుగులే అంటాం. నిజానికి పిల్లల పేగుల్లో కాపురం పెట్టే గుండ్రటి పురుగులు ముఖ్యంగా నాలుగు రకాలు: ఏలికపాము, కొంకిపురుగు, సూదిపురుగు, కొరడా పురుగు. వీటి దారులు వేరు, అలవాట్లు వేరు. జాగ్రత్తలు కూడా అందుకే వేరు. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేసి, పోలేదేంటి అని బాధపడే తల్లుల్ని నేను తరచుగా చూస్తుంటాను.

ఈ గుండ్రటి పురుగుల్ని శాస్త్రంలో నెమటోడ్లు అంటారు. ఒంటికి కణుపులుండవు, అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉంటాయి. వానపాము వీటి కోవలోకి రాదు, దానికి కణుపులున్నాయి. బద్దెపురుగూ రాదు, అది చదునైనది. నెమటోడ్లలో చాలావాటికి మనతో పనే లేదు, మట్టిలోనో నీటిలోనో బాక్టీరియాని తిని బతికేస్తాయి. కొన్ని మొక్కల వేళ్ల మీద పడతాయి. మీ అమ్మ వాళ్లది తెనాలి వైపు అన్నారు కదా, అటు దుగ్గిరాల దాకా పసుపు, అరటి, కూరగాయలు వేసే రైతులకి వేళ్ల మీద బుడిపెలు కట్టించే నులిపురుగు తెలిసే ఉంటుంది. అది నెమటోడే. దోమకాటుతో ఒంట్లో చేరి బోదకాలు తెప్పించే ఫైలేరియా నెమటోడే. ఒకప్పుడు దిగుడుబావుల నీళ్లు తాగిన పల్లెల్ని పీడించిన నారికురుపు పురుగూ నెమటోడే. ఆ చివరిదాన్ని మన దేశం పూర్తిగా వదిలించుకుంది. 1996 తర్వాత ఒక్క కేసూ రాలేదు, 2000లో భారతదేశానికి నారికురుపు లేదని అధికారికంగా ప్రకటించారు. దానికి మందూ లేదు, టీకా లేదు. నీళ్లు వడగట్టి తాగడం నేర్పి, బావుల్ని బాగుచేసి సాధించారు. పురుగు ఏ దారిన వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే అని నేను అనేది అందుకే.

ఈ నెమటోడ్ల వంశంలో పెద్ద శాఖలు రెండు. ఏలికపాము, కొంకిపురుగు, సూదిపురుగు, ఫైలేరియా, చివరికి ఆ పసుపు వేళ్ల నులిపురుగు కూడా ఒక శాఖలోకే వస్తాయి. కొరడా పురుగుది ఇంకో శాఖ. అంటే మనిషి పేగులో పక్కపక్కనే బతికినా, ఏలికపాముకి కొరడా పురుగు కన్నా పొలంలో వేళ్లు కొరికే పురుగే దగ్గరి చుట్టం. కొరడా పురుగుకి దగ్గరి బంధువు ట్రైకినెల్లా. పందిమాంసం సరిగా ఉడకకపోతే మనిషి కండరాల్లోకి చేరే పురుగది. ఈ రెండిటికీ గొంతు గొట్టం ఒకే తీరుగా ఉంటుంది. సన్నటి గొట్టం వెంబడే పెద్ద పెద్ద గ్రంథికణాలు వరసగా పేర్చి ఉంటాయి. పిల్లల పేగు పురుగులు నాలుగింటిలోనూ కొరడా పురుగొక్కటే మాత్రకి సరిగా లొంగకపోవడం చూసినప్పుడు నాకు ఈ చుట్టరికమే గుర్తొస్తుంది.

కొరడా పురుగు పొడవు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. అందులో ముందరి భాగం, సగం కన్నా ఎక్కువే, వెంట్రుక అంత సన్నం. వెనక కొస లావు. తొలిరోజుల్లో చూసినవాళ్లు ఆ సన్నటి కొసే తోక అనుకున్నారు, తీరా అది తల. ఇది పెద్దపేగు మొదట్లో, కుడివైపు పొత్తికడుపు దగ్గర ఉంటుంది. తన సన్నటి ముందు భాగాన్ని పేగు లోపలి పొర కణాల్లోంచి దూర్చుకుంటూ పోతుంది. చీరకి ఫాల్ కుట్టేటప్పుడు దారం బట్ట లోపలే నడిచి పైకి కనిపించదు చూడండి, దాని తల అలా ఉంటుంది. లావు వెనకభాగం మాత్రం పేగులోకి వేలాడుతూ గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడ పురుగు రోజుకి మూడు వేల నుంచి ఇరవై వేల గుడ్లు. మైక్రోస్కోపులో ఆ గుడ్డు ఇట్టే పట్టుబడుతుంది: గోధుమరంగులో పీపా ఆకారం, రెండు కొసలా తెల్లటి బిరడాలు. కాబట్టి మీ లాబ్ వాళ్లు పొరబడ్డారేమో అన్న అనుమానం పెట్టుకోకండి.

ఏలికపాము అలా కాదు. జానెడు దాటి పెరుగుతుంది కానీ దేనికీ అతుక్కోదు, చిన్నపేగులో తిండి మధ్యే ఈదుతూ ఉంటుంది. మాత్ర దాని మీదుగానే పారుతుంది. అందుకే ఒక్క ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రతో నూటికి తొంభై అయిదు మందికి ఏలికపాములు పోతాయి. అదే మాత్ర ఒక్కసారి వేస్తే కొరడా పురుగు పూర్తిగా పోయేది పదిమందిలో సుమారు ముగ్గురికే. మిగతావాళ్లలో గుడ్ల లెక్క తగ్గుతుంది, పురుగు మిగులుతుంది. పేగు గోడలో దాచుకున్న ఆ తలే దీనికి ఒక కారణమని చెప్తారు. మెబెండజోల్ అనే ఇంకో పురుగుల మందు కొంచెం నయం, అదీ ఒక్క డోసుకి సగం మందిలో కూడా పని పూర్తిచేయదు. మూడు రోజులు వరసగా ఇస్తే ఫలితం బాగా మెరుగవుతుంది. మీ డాక్టరు గారు మూడు రోజులు రాయడం అందుకే. ఆయన రిపోర్టు చదివి రాశారు, ఊరికే పురుగుల మందు అని చీటీ రాసివ్వలేదు.

అలాగని బళ్లో ఇచ్చే మాత్ర దండగ అనుకోవద్దు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం కింద ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బళ్లలో, కాలేజీల్లో ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ల దాకా అందరికీ ఈ మాత్ర ఇస్తారు. రెండేళ్లలోపు పిల్లలకి సగం మాత్ర. ఎవరికి పురుగులున్నాయో పరీక్ష చేయకుండా కోట్లమందికి ఇవ్వాలంటే ఒక్క మాత్రలో తేలిపోవాలి, ప్రమాదం ఉండకూడదు, ఖర్చు కాకూడదు. ఆ లెక్కన అది సరైన ఏర్పాటే. కడుపులో పురుగుల సంఖ్య తగ్గించడం దాని పని, ఒక్కో పిల్లాడికీ పూర్తి వైద్యం చేయడం కాదు. ఫిబ్రవరిలో ఇచ్చినప్పుడు మీ వాడికి మళ్లీ వేయించండి. ఆ రోజు జ్వరమో ఒంట్లో నలతో ఉంటే మాత్రం ఆపి, తగ్గాక వేయించండి.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూద్దాం. కొరడా పురుగు గుడ్డు నోట్లో పడ్డాక చిన్నపేగులో పొదిగి, పిల్ల పురుగు పెద్దపేగుకి దిగి, పెద్దదై గుడ్లు పెట్టడానికి రెండు నెలల పైనే పడుతుంది. బాబు మే నెలలో అమ్మమ్మగారి ఊళ్లో గుడ్లు మింగి ఉంటే ఆగస్టు పది నాటికి అవి సరిగ్గా పెద్ద పురుగులై, తలలు గోడలో దూర్చుకుని కూర్చుని ఉంటాయి. ఒక్క మాత్రకి కొన్ని పోయి కొన్ని మిగిలాయి. ఇదొక లెక్క మాత్రమే, గుంటూరులోనే మింగి ఉండొచ్చు కూడా. ఒకటి మాత్రం ఖాయం. ఈ పురుగు పొట్టలో పిల్లలు పెట్టి సంఖ్య పెంచుకోదు. ఎన్ని గుడ్లు మింగితే అన్ని పురుగులే, అంతకు మించి పెరగవు. కొత్తగా మింగకపోతే ఉన్నవి కూడా ఏడాదో, ఇంకొంచెమో బతికి పోతాయి.

మరి గుడ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? కుక్కపిల్లని వదిలేయండి పాపం. కుక్కలకి వాటి కొరడా పురుగు వేరే జాతి. మీ అబ్బాయికి ఉన్నది మనిషిది, మనిషి మలం నుంచే వస్తుంది. (కుక్కల నుంచి పిల్లలకి వచ్చే వేరే నెమటోడ్లు ఉన్నాయి, కాబట్టి దానికీ పశువుల డాక్టరు దగ్గర పురుగుల మందు వేయించడం మంచిది. ఈ కేసులో నేరం దానిది కాదు.) ఎవరో ఒక మనిషి మలం మట్టిలో కలిసింది, ఆ మట్టి మీ వాడి నోట్లోకి వెళ్లింది. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అప్పుడే బయటపడ్డ గుడ్డు ఎవరికీ అంటదు. అది తడి, నీడ, వెచ్చదనం ఉన్న మట్టిలో రెండు మూడు వారాలైనా పక్వానికి రావాలి. ఎర్రటి ఎండలో ఎండిపోతే చచ్చిపోతుంది. కాబట్టి నడివాకిట్లో ఎండిన దుమ్ము కన్నా అనుమానించాల్సింది పెరటి మూలలు. బాత్రూం నీళ్లు పారే అరటి పాదు, పొంగే సెప్టిక్ ట్యాంకు పక్క, కాల్వగట్టు, చిన్నపిల్లల దొడ్డి ఎత్తి పారేసే చోటు. పసిపిల్లల దొడ్డిలో దోషమేముంటుంది అని పెరట్లో విసిరేసే అలవాటు మన పల్లెల్లోనే కాదు, పట్టణాల్లోనూ ఉంది. నడిచి, మట్టిలో ఆడే వయసు పిల్లల దొడ్డిలోనే గుడ్లు ఎక్కువగా ఉంటాయి. దాన్ని మరుగుదొడ్డిలోనే వేయాలని అమ్మగారికి చెప్పండి.

దీన్నిబట్టి మీరు చేయనక్కర్లేని పనులు కొన్ని తేలతాయి. దుప్పట్లు మరగబెట్టడం, పరుపులు ఎండేయడం, బాబు బట్టలు విడిగా ఉతకడం, ఇవన్నీ సూదిపురుగుకి చేయాలి. దాని ఆడది రాత్రిపూట ఆసనం బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది, దురద పుడుతుంది, గోకిన గోళ్లలోంచి గుడ్లు కొన్ని గంటల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి, ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకీ ఉండే అవకాశం ఎక్కువ. అందుకే దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వేసుకోవాలి. మీ వాడికి రాత్రిళ్లు దురద ఉన్నట్టు మీరు రాయలేదు. చెప్పులు వేయించడం మంచి అలవాటే, అది ముఖ్యంగా కొంకిపురుగుకి అడ్డం. దాని పిల్ల పురుగు తడి మట్టిలో పొదిగి, ఒట్టి పాదాల చర్మంలోంచే లోపలికి దూరుతుంది. కొరడా పురుగుకి చెప్పులతో పనిలేదు, దానికి నోరే దారి. చేతులు, గోళ్లు, మట్టి, పచ్చిగా తినే కూరలు. ఈ నాలుగూ చూసుకుంటే చాలు.

అత్తయ్య గారి మాటలకి వద్దాం. బెల్లం వల్ల పురుగులు పుట్టవు. పుట్టాలంటే గుడ్డు మింగాల్సిందే. చాక్లెట్లు పళ్ల కోసం తగ్గించండి, పురుగుల కోసం కాదు. నిద్రలో పళ్లు కొరికినా పురుగులే అంటారు పెద్దవాళ్లు, దానికీ ఆధారం లేదు. ఆముదం మాత్రం దయచేసి వద్దు. పూర్వం పిల్లలకి నెలకోసారి ఆముదం పట్టించేవారు, ఏలికపాములు నాలుగు బయటికొస్తే అందరికీ తృప్తి. తల గోడలో కుట్టుకున్న పురుగుని విరేచనాలతో కడిగేయలేం. అసలే సరిగా తినని పిల్లాడు నీరసించిపోతాడు. ఆవిడ్ని నొప్పించకుండా చెప్పాలంటే, డాక్టరు వద్దన్నారని నా మీద పెట్టేయండి.

పక్కింటావిడ చెప్పిన మెదడు పురుగు కట్టుకథ కాదు, కానీ దాని సంగతి వేరు. అది పంది బద్దెపురుగు గుడ్లు నోట్లోకి వెళితే వచ్చే జబ్బు, అందులో పురుగు తిత్తులు మెదడులో చేరి మూర్ఛలు తెప్పిస్తాయి. గుండ్రటి పురుగుల వంశమే కాదు అది. క్యాబేజీ కూడా అన్యాయంగా చెడ్డపేరు మోస్తోంది. మలం కలిసిన నీళ్లు పారిన ఏ కూరైనా పచ్చిగా తింటే ప్రమాదమే, క్యాబేజీ ఆకుల మడతల్లో మట్టి చిక్కుకుంటుంది కాబట్టి దాని పేరు ముందుకొచ్చింది. విడదీసి కడిగి వండితే ఏ భయమూ లేదు. కొరడా పురుగు మెదడుకి వెళ్లదు. ఆమాటకొస్తే ఎక్కడికీ వెళ్లదు. ఏలికపాము పిల్లలు రక్తంలో కలిసి కాలేయం, ఊపిరితిత్తులు తిరిగి, దగ్గులో గొంతుకెక్కి మళ్లీ కడుపులోకి దిగుతాయి. కొంకిపురుగూ ఊపిరితిత్తుల మీదుగానే వస్తుంది. ఈ మూడింటిలో ప్రయాణం ఇష్టంలేనిది కొరడా పురుగే: నోటి నుంచి పేగుకి, అక్కడే స్థిరం.

ఇక నేను నిజంగా పట్టించుకునేది పురుగుని కాదు, ఆ 9.8ని. ఆరేళ్ల పిల్లాడికి హిమోగ్లోబిన్ 11.5 ఉండాలి. మీరు రాసిన తీరు చూస్తే తప్పంతా కొరడా పురుగు మీద పెట్టేలా ఉన్నారు. లెక్క కుదరదమ్మా. ఒక్కో కొరడా పురుగు వల్ల రోజుకి పోయే రక్తం 0.005 మిల్లీలీటరు. ఇరవై పురుగులున్నా రోజుకి 0.1, నెలకి మూడు మిల్లీలీటర్లు. మొన్న పరీక్షకి సిరంజీలో తీసినంత. రిపోర్టులో ‘కొద్దిగా’ అని ఉందంటే పెద్ద లెక్కలో ఉండకపోవచ్చు. వందల సంఖ్యలో ఉన్నప్పుడు కథ వేరు. జిగట, రక్తంతో విరేచనాలు, ఎదుగుదల ఆగిపోవడం, ఒక్కోసారి ముక్కినప్పుడు ఆసనం బయటికి జారడం దాకా వెళుతుంది. అలాంటివేవీ మీ వాడికి లేవు. కాబట్టి పురుగులు పోయినంత మాత్రాన రక్తం దానంతటదే పెరుగుతుందని ఎదురుచూడొద్దు. మీ డాక్టరు గారిని ఐరన్ సిరప్ గురించి అడగండి, బరువుని బట్టి డోసు ఆయనే చెప్తారు. బళ్లో వారానికోసారి ఇచ్చే గులాబీరంగు ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా ఇచ్చేది, వచ్చాక అది సరిపోదు. కొంకిపురుగు ఉందేమో కూడా ఒకసారి అడగండి. అది నిజమైన రక్తపిపాసి, దానిలో ఒక రకం ఒక్కో పురుగే రోజుకి సుమారు 0.15 మిల్లీలీటరు లాగుతుంది. కొరడా పురుగుకి ముప్ఫై రెట్లు.

మట్టి తినడం కూడా ఇక్కడే ముడిపడి ఉంది. ఐరన్ తక్కువైన పిల్లలు మట్టి, బలపాలు, గోడ సున్నం తినడం చాలా చూస్తాం. మట్టితో గుడ్లు వెళతాయి, పురుగులు వస్తాయి, తిండి తగ్గుతుంది, ఐరన్ ఇంకా తగ్గుతుంది. తిట్టి, కొట్టి, చేతికి వాతలు పెట్టి మాన్పించాలని చూడకండి. చాటుగా తినడం నేర్చుకున్నాడంటే ఇప్పటికే ఎవరో గట్టిగా కోప్పడ్డారని అర్థం. ఐరన్ మొదలైన కొద్ది వారాల్లో ఆ కోరిక చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ చూపించండి. సిరప్ వేసినన్నాళ్లూ దొడ్డి నల్లగా వస్తుంది, కంగారుపడొద్దు. వేసిన వెంటనే పాలు, టీ ఇవ్వకండి. నిమ్మరసం, జామపండు ఐరన్‌ని ఒంటికి పట్టిస్తాయి. తినే పిల్లాడైతే వారానికి రెండుసార్లు మాంసమో, కాలేయమో పెట్టండి.

తిండి విషయంలో ఇంకొక్క మాట. గోంగూర, తోటకూర ఉడుకుతాయి కాబట్టి వాటితో పేచీ లేదు. చూసుకోవాల్సినవి పచ్చివి: కొత్తిమీర, కీరా, క్యారెట్, ఉల్లిపాయ. సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీలో బజ్జీ తప్పేమీ లేదు, మరిగే నూనెలోంచి వస్తుంది. దాని కడుపు చీల్చి కూరే ఉల్లిపాయ, కొత్తిమీర ఎక్కడ కడిగారన్నదే ప్రశ్న. ఇంట్లో పారే నీళ్ల కింద రుద్ది కడిగి, తొక్క తీయగలిగినవి తీసేయండి. ఉప్పునీళ్లలో నానబెట్టి గుడ్లు చచ్చాయనుకోవద్దు, రుద్ది కడగడం వల్ల మట్టితోపాటు గుడ్లు పోతాయి, అంతే. తాగేనీళ్లలో కలిపే క్లోరిన్ ఈ గుడ్లని చంపలేదు, మరగబెడితే చస్తాయి.

ఇది మీ ఇంటికే వచ్చిన అవమానంలా అనుకోవద్దు. పక్కింటావిడకి తెలిసిందని కూడా బాధపడుతున్నట్టుంది మీ ఉత్తరంలో. మట్టి ద్వారా వచ్చే పేగు పురుగులు ప్రపంచంలో దాదాపు 150 కోట్లమందికి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్లనాటి మనిషి పేగులో కూడా కొరడా పురుగు గుడ్లు కనిపించాయి.

మాత్రలు వేసే పద్ధతి: రోజుకొకటి, భోజనం తర్వాత, బాగా నమిలించి మంచినీళ్లు పట్టించండి. కొంచెం కడుపునొప్పి, వికారం రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. పురుగు బయటికి వచ్చిందా అని దొడ్డిలో వెతక్కండి. ఏలికపాములైతే కనిపిస్తాయి, ఇవి సాధారణంగా కంటపడవు. కనిపించలేదు కాబట్టి మందు పనిచేయలేదనీ కాదు. రక్త విరేచనాలైనా, ఆసనం జారినా, ఆగని వాంతులతో పొట్ట ఉబ్బినా అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో మిగతావాళ్లు గుడ్డిగా మాత్రలు మింగక్కర్లేదు. సెలవుల్లో అదే పెరట్లో ఆడిన పిల్లలు, అన్న కొడుకులో చెల్లెలి కూతురో ఉంటే వాళ్ల దొడ్డి పరీక్ష చేయించమనండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో (జీజీహెచ్) చేస్తారు, మామూలు లాబుల్లోనూ పెద్ద ఖర్చు కాదు.

మీ వాడికి కోర్సు అయిన మూడు వారాలకి మళ్లీ మలపరీక్ష చేయించండి. అంతకన్నా ముందు వద్దు, చచ్చే పురుగుల గుడ్లు అప్పటికింకా రాలుతూ ఉండొచ్చు. పొడి డబ్బాలో, మూత్రం, నీళ్లు కలవకుండా పట్టి, ఆ పూటే ఇవ్వండి. గుడ్లు తక్కువున్నప్పుడు ఒక శాంపిల్‌లో దొరక్కపోవచ్చు, వేర్వేరు రోజుల్లో రెండు ఇస్తే నయం. అప్పుడూ గుడ్లు కనిపిస్తే అవి పాత పురుగులవే, ఎందుకంటే కొత్తగా మింగినవి అంత తొందరగా గుడ్లు పెట్టలేవు. ఆల్బెండజోల్‌తోపాటు ఐవర్‌మెక్టిన్ కలిపి ఇస్తే ఒంటరి మాత్ర కన్నా బాగా పనిచేస్తుంది. బాబు పదిహేను కిలోలు దాటి ఉంటే మీ డాక్టరు గారు ఆ ఆలోచన చేస్తారు. మూడు వారాలకి శుభ్రంగా ఉండి, నాలుగైదు నెలల తర్వాత మళ్లీ గుడ్లు కనిపించాయంటే మాత్రం అది కొత్తగా తెచ్చుకున్నది. అప్పుడు మందు మార్చడం కాదు, వచ్చే వేసవికి ముందే అమ్మ వాళ్ల పెరట్లో సెప్టిక్ ట్యాంకు, అరటి పాదు ఎలా ఉన్నాయో మీ నాన్నగారిని చూడమనండి.